బిందెడు నీళ్లు, లారెడు బొగ్గు

నిప్పు నడిచిన దారి – 23

(గత వారం: 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ పట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. అక్కడి నుంచి బొగ్గు బాట బెల్లంపల్లికి, ఆపై గోదావరి దాటి గోదావరిఖనికి ఎట్లా చేరిందో చూశాం. ఈ వారం అదే ఒడ్డున నిలబడి నీళ్ల వైపు చూద్దాం.)

గోదావరిఖని దాటి మంచిర్యాల వైపు వెళ్తుంటే వంతెన వస్తుంది. ఇవతలి ఒడ్డు పాత కరీంనగర్ జిల్లా, అవతలి ఒడ్డు పాత ఆదిలాబాద్ జిల్లా. రెండు దిక్కులా భూమి కింద బొగ్గే. రామగుండం పొగ గొట్టాలు ఇటు కనిపిస్తాయి. జైపూర్‌లోని సింగరేణి విద్యుత్ కేంద్రం అటు ఉంటుంది. మధ్యలో నది తనకేమీ పట్టనట్టు పారుతుంటుంది.

ఒకరోజు పొద్దున ఆ దారిలో ఒక చాయ్ బండి దగ్గర ఆగాను. పాలిటెక్నిక్ పిల్లలు ముగ్గురు ఒకే ఫోను మీదికి వంగి ఉన్నారు. తెర మీద ఎవరిదో విదేశీ కారుషెడ్డు. స్టీలు డబ్బా, దానికి ఒక గాజు కిటికీ. కిటికీ వెనకాల సన్నని తీగల బుట్ట, ఆ బుట్ట నడుమ ఊదారంగు నక్షత్రమొకటి వెలుగుతోంది.

"అరేయ్, డబ్బాల సూర్యున్ని పెట్టిండురా!" అన్నాడొకడు.

పక్కన బల్ల మీద కూచున్న పెద్దాయన చాయ్ గ్లాసు దించాడు. ముప్పై ఏళ్లకు పైగా బాయిలో పనిచేసి దిగిన మనిషి. ఫోను అడిగి తీసుకుని కళ్లకు దూరంగా పట్టి చూశాడు.

"గంత చిన్న డబ్బాల సూర్యుడెట్ల పడ్తడురా?"

"సూర్యుడు కాదు తాతా, సూర్యుడు చేసే పని. ఫ్యూజన్."

"మంచిది. అండ్ల ఎంత పెడ్తె ఎంతొస్తది? గిట్టుబాటైతదా?"

పిల్లలు ముఖాలు చూసుకున్నారు. నిజానికి ఆ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే తొంభై ఏళ్లుగా ఎందరో మహామహుల జీవితాలు గడిచిపోయాయి. ఈ వారం కథంతా ఆ పెద్దాయన ప్రశ్నే.

బిందె లెక్క

ముందు ఆశ ఎంత పెద్దదో చూద్దాం. నీటిలో హైడ్రోజన్ ఉంటుందని బడిలో చదివాం. ఆ హైడ్రోజన్ పరమాణువుల్లో సుమారు ఆరున్నర వేలకు ఒకటి మిగతావాటి కన్నా రెట్టింపు బరువుంటుంది. దాని కేంద్రకంలో ప్రోటాన్‌తో పాటు ఒక న్యూట్రాన్ కూడా ఉంటుంది. దాని పేరు డ్యుటీరియం. అమెరికా రసాయన శాస్త్రవేత్త హెరాల్డ్ యూరే 1931లో దాన్ని పట్టుకున్నాడు. మూడేళ్లకే నోబెల్ బహుమతి వచ్చింది.

పదిహేను లీటర్లు పట్టే ఇత్తడి బిందెను గోదావరిలో ముంచి ఎత్తితే అందులో దొరికే డ్యుటీరియం అర గ్రాము. చిటికెడు కూడా కాదు. ఆ అర గ్రాము చివరి పరమాణువు దాకా ఒకదానితో ఒకటి కలిసిపోతే వచ్చే వేడి, కిలోకు నాలుగు వేల కిలోకేలరీలిచ్చే బొగ్గు పది టన్నులు కాలిస్తే వచ్చే వేడికి సమానం. బిందెడు నీళ్లకు లారెడు బొగ్గన్నమాట. రామగుండం ఎన్టీపీసీ 2600 మెగావాట్ల పాత యూనిట్లన్నీ రోజంతా పూర్తి బలంతో నడిస్తే నలభై వేల టన్నుల బొగ్గు దాకా కావాలి. అదే బిందెల్లో అయితే నాలుగు వేలు. ఐదారు ట్యాంకర్ల నీళ్లు చాలు.

ఈ లెక్క విన్నవాడికి నిద్ర పట్టదు. పట్టనివాళ్లలో పెద్ద శాస్త్రవేత్తలూ ఉన్నారు, సైనికులూ ఉన్నారు, పద్నాలుగేళ్ల పిల్లలూ ఉన్నారు.

తరుగు ఎక్కడికి పోయింది?

కరీంనగర్‌లో వెండి తీగతో నగిషీ పని చేసే అవుసలి దగ్గరికి వెళ్లి నాలుగు వెండి ముక్కలు కరిగించి ఒక్కటి చేయమనండి. తూకంలో కాస్త తగ్గుతుంది. దానికి తరుగు అని పేరు. 1920లో ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ ఆస్టన్ పరమాణువులను తూచి అలాంటి తరుగే చూశాడు. నాలుగు హైడ్రోజన్‌లు కలిస్తే ఒక హీలియం కావాలి. కానీ ఆ హీలియం, నాలుగు హైడ్రోజన్‌ల మొత్తం కన్నా తేలిక. కిలోకు ఏడు గ్రాముల తరుగు. అవుసలి తరుగు నేల మీదో కుంపట్లోనో పడుతుంది. ఇది ఎక్కడ పడింది? అదే ఏడాది ఆర్థర్ ఎడింగ్టన్ జవాబు చెప్పాడు: సూర్యుడు వెలుగుతున్నది ఆ తరుగుతోనే. ద్రవ్యం శక్తిగా మారిపోతోంది.

పద్నాలుగేళ్ల తర్వాత, 1934లో, కేంబ్రిడ్జ్‌లో ఒలిఫాంట్, హార్టెక్, రూథర్‌ఫర్డ్ కలిసి డ్యుటీరియం కేంద్రకాలను డ్యుటీరియం ఉన్న పదార్థం మీదికే వేగంగా విసిరారు. కొన్ని కలిశాయి. మనిషి చేతిలో జరిగిన తొలి సంలీనాల్లో, అంటే ఫ్యూజన్లలో, అదొకటి. అది జరిగింది ఒక ప్రయోగశాల గదిలో, చిన్న గొట్టంలో. అంటే ఫ్యూజన్ పుట్టుకే చిన్నది. కేంద్రకాలు కలపడం 1934లోనే తేలిపోయింది. కానీ విసరడానికి పెట్టిన కరెంటుతో పోలిస్తే వచ్చింది లెక్కకు రానంత. అణువు నుంచి వాడుకకు శక్తి తీస్తామన్న వాళ్ల మాట వెన్నెల కబుర్లంటూ రూథర్‌ఫర్డ్ అంతకు ముందు ఏడాదే కొట్టిపారేశాడు.

సూర్యుడొక పెంటకుప్ప

ఫ్యూజన్ గురించి ఎవరు మాట్లాడినా సూర్యుణ్ని భూమ్మీదికి తెస్తామంటారు. తెచ్చినా లాభం లేదు. సూర్యుడి నడిగర్భంలో ఒక ఘనమీటరు చోటు నుంచి పుట్టే శక్తి మూడు వందల వాట్లకు మించదు. మన వాడకట్టు చివర మగ్గుతున్న పెంటకుప్ప కూడా ఇంచుమించు అంతే వేడి పుట్టిస్తుంది. సూర్యుడు అంతగా వెలగడానికి కారణం చురుకు కాదు, సైజు. అంత పెద్ద కుప్ప గనుక గిట్టుబాటైంది.

మనకు అంత కుప్ప లేదు. కాబట్టి సూర్యుడి నడిమి వేడి కోటిన్నర డిగ్రీలైతే మనకు పది కోట్ల డిగ్రీలు దాటాలి. ఆ వేడిలో పరమాణువులు చెదిరి, ఎలక్ట్రాన్లు వేరు, కేంద్రకాలు వేరుగా తిరిగే ప్లాస్మా అవుతాయి. కేంద్రకాలన్నీ ధనావేశం గలవి. ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఆ నెట్టుడును మించిన వేగంతో ఢీకొడితేనే అతుకు పడుతుంది.

చాయ్ బండి దగ్గరే ఇంకో సంగతి కనిపిస్తుంది. గ్లాసులో పోసిన చాయ్ ఐదు నిమిషాల్లో చల్లారుతుంది. పెద్ద గిన్నెలోది అరగంటైనా పొగలు కక్కుతుంది. వేడి పుట్టేది లోపలంతా, పోయేది పైపై నుంచి. గిన్నె చిన్నదైన కొద్దీ లోపలి భాగం కన్నా పైభాగం పాలు పెరుగుతుంది. చిన్న రియాక్టర్ కలగనే ప్రతివాడూ ఈ గ్లాసు చాయ్‌తోనే కొట్లాడుతున్నాడు.

ఈ కొట్లాటకు పద్దు పుస్తకం రాసినవాడు ఇంగ్లండ్‌లోని హార్వెల్ ప్రయోగశాల ఇంజినీర్ జాన్ లాసన్. 1955లో రహస్య నివేదికగా రాశాడు, 1957లో అచ్చయింది. ప్లాస్మా ఎంత వేడిగా ఉండాలి, ఎంత చిక్కగా ఉండాలి, ఆ వేడి ఎంతసేపు నిలవాలి అన్న మూడూ కలిపి ఒక హద్దు గీశాడు. ఆ గీత దాటితే లాభం, దాటకపోతే నష్టం. మన రైతు విత్తనం, ఎరువు, కూలి ఒకవైపు, దిగుబడి, ధర ఒకవైపు రాసుకున్నట్టే. చాయ్ బండి దగ్గరి పెద్దాయన ప్రశ్నను గణితంలో రాస్తే లాసన్ సూత్రమవుతుంది.

ఇద్దరు ఉత్సాహవంతులు

ఈ కథలో ఇద్దరు మనుషులు నాకు చాలా ఇష్టం.

ఒకడు ఒలెగ్ లావ్రెంత్యెవ్. సోవియట్ సైన్యంలో సార్జెంటు. దేశానికి తూర్పు కొసన ఉన్న సఖాలిన్ దీవిలో కాపలా ఉద్యోగం. అప్పటికింకా కాలేజీ గడప తొక్కలేదు. జీతం డబ్బులతో భౌతిక శాస్త్ర పత్రిక తెప్పించుకుని చదివేవాడు. 1950లో మాస్కోకు ఒక కాగితాల కట్ట పంపాడు: విద్యుత్ క్షేత్రంతో తడిక కట్టి ప్లాస్మాను లోపల నిలబెట్టవచ్చని. ఆ కట్ట పరిశీలనకు ఆంద్రే సఖారోవ్ చేతికి వచ్చింది. తడిక తీగలు ప్లాస్మాకు తగులుతాయి, అది పనికిరాదని సఖారోవ్‌కు తోచింది. కానీ ప్రశ్న మాత్రం పట్టుకుంది. తగలకుండా నిలబెట్టడం ఎట్లా? అయస్కాంత క్షేత్రంతో. ఇగోర్ తమ్‌తో కలిసి ఆ ఆలోచనను పెంచాడు. గారె ఆకారపు గదిలో అయస్కాంతాలతో ప్లాస్మాను తిప్పే టోకామాక్ అక్కడి నుంచే వచ్చింది. సార్జెంటు జవాబు తప్పు. అతని ఉత్తరం మాత్రం ఊరికే పోలేదు.

రెండోవాడు ఫైలో ఫార్న్స్‌వర్త్, అమెరికాలో ఐడహో రైతు బిడ్డ. పద్నాలుగేళ్ల వయసులో బంగాళదుంప చేను దున్నుతూ వెనక్కి తిరిగి సాలు పక్కన సాలు చూశాడు. బొమ్మను కూడా ఇట్లా గీత వెంట గీతగా కోసి పంపవచ్చు కదా అనుకున్నాడు. 1927లో తొలి ఎలక్ట్రానిక్ టీవీ బొమ్మ అతని చేతి మీదుగానే కనిపించింది. నాగటి చాళ్ల నుంచి టీవీ పుట్టిందంటే మన రైతులు ఆశ్చర్యపోరు. సాలు తప్పితే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. ఆ ఫార్న్స్‌వర్త్ నడివయసులో ఫ్యూజన్ మీద పడ్డాడు. 1960లలో ఫోర్ట్ వేన్ పట్నంలో, ఐటీటీ కంపెనీ ప్రయోగశాలలో, ఫ్యూజర్ అనే చిన్న యంత్రం కట్టాడు. అతని సహచరుడు రాబర్ట్ హిర్ష్ 1967లో దాని ఫలితాలు అచ్చు వేశాడు. పిల్లల ఫోనులో కనబడ్డ డబ్బా దాని మనుమడే.

విచిత్రం చూడండి. సార్జెంటు చెప్పిన విద్యుత్ తడికనే, అతని సంగతి తెలియకుండా, ప్రపంచానికి ఇంకో కొసన ఈయన కట్టాడు. సఖారోవ్ పట్టిన తప్పు ఇక్కడా తప్పే.

డబ్బా లోపల

ఆ డబ్బాను కాస్త దగ్గరగా చూద్దాం. ముందు లోపలి గాలి తీసేయాలి. మామూలు పంపు కొంత తీస్తుంది, మిగిలింది ఇంకో రకం పంపు తీస్తుంది. ఆ తర్వాత పిసరంత డ్యుటీరియం వాయువు వదులుతారు. లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడిలో లక్షో వంతు దగ్గర ఉంటుంది. నడుమ ఉన్న తీగల బుట్టకు ఇరవై, ముప్పై, నలభై వేల వోల్టుల రుణ విద్యుత్తు ఇస్తారు. డ్యుటీరియం కేంద్రకాలు నలుదిక్కుల నుంచి ఆ బుట్ట వైపు దూకుతాయి. తీగల సందుల్లోంచి దూరి నడిమికి వస్తాయి. అక్కడే ఊదా వెలుగు. కొన్ని ఢీకొని కలుస్తాయి. కలిసినప్పుడు న్యూట్రాన్లు బయటికి వస్తాయి. అవి లెక్కకు వస్తే ఫ్యూజన్ జరిగినట్టే. 2008లో టేలర్ విల్సన్ అనే అమెరికన్ కుర్రాడు పద్నాలుగేళ్లకే ఇది చేసి చూపించాడు.

కాబట్టి పిల్లలు చూసింది గారడీ కాదు. డబ్బాలో నిజంగానే కేంద్రకాలు కలుస్తున్నాయి. ఇక పెద్దాయన ప్రశ్న. మంచి ఫ్యూజర్ సెకనుకు పది లక్షల న్యూట్రాన్లు ఇస్తుందనుకుందాం. దాని నుంచి పుట్టే ఫ్యూజన్ శక్తి ఒక వాటులో పది లక్షలో వంతు. లోపలికి పెట్టిన కరెంటు కొన్ని వందల వాట్లు. అంటే వంద రూపాయలు పెడితే పైసాలో పదివేలో వంతు కూడా తిరిగి రాదు. మిగతాదంతా తీగలను ఎర్రగా కాల్చడానికి పోతుంది. కేంద్రకాలు కలవడం కన్నా ఒకదాన్నొకటి రాసుకుని దారి తప్పడం చాలా ఎక్కువ. 1995లో ఎంఐటీ విద్యార్థి టాడ్ రైడర్ తన పరిశోధనలో ఈ జాతి యంత్రాలకు గిట్టుబాటు ఎందుకు కష్టమో వివరంగా లెక్కగట్టాడు.

ఇది చదివి ట్రాన్స్‌ఫార్మర్ కోసం పాత సామాన్ల దుకాణానికి పరుగెత్తే తమ్ముళ్లకు ఒక మాట. ఆ వోల్టేజీ ఒక్కసారి తగిలినా ప్రాణం పోతుంది. గాజు కిటికీలోంచి ఎక్స్‌రేలు వస్తాయి, కంటికి కనబడవు. మన దేశంలో రేడియేషన్ పుట్టించే యంత్రం పెట్టాలంటే అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి కావాలి. నేర్చుకోవాలంటే ముందు శూన్యం నేర్చుకోండి. అదే సగం విద్య.

ఆ శూన్య విద్యలో తెలుగువాడొకాయన పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఇదే గోదావరి దిగువన, భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. సన్యసించి హిమాలయాల్లో ఏళ్ల తరబడి యోగం చేసి, స్వామి జ్ఞానానంద పేరుతో యూరప్ వెళ్లి, భౌతిక శాస్త్రం మీద మనసు పడి, న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో పరిశోధన చేశాడు. 1947లో ఆయన ఇంగ్లీషులో రాసిన 'హై వాక్యువా' గ్రంథం అధిక శూన్యం ఎట్లా పుట్టించాలి, ఎట్లా కొలవాలి అన్న దాని మీదే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణు భౌతిక శాస్త్ర విభాగాన్ని నిలబెట్టింది ఆయనే. సన్యాసి శూన్యం కోసం వెతికితే అది పంపులో దొరికిందని ఎవరైనా పరాచికం ఆడితే ఆడనివ్వండి. ఆ శూన్యం లేనిదే ఏ ఫ్యూజన్ డబ్బా వెలగదు.

మూడు దండోరాలు

గిట్టుబాటు అయిందని దండోరా వేయించినవాళ్లకూ కొదవ లేదు.

1951 మార్చి 24న అర్జెంటీనా అధ్యక్షుడు పెరాన్, హ్యూముల్ దీవిలో రొనాల్డ్ రిక్టర్ అనే శాస్త్రవేత్త ఫ్యూజన్ సాధించాడని ప్రకటించాడు. మరుసటి ఏడాది నిపుణులు వెళ్లి చూస్తే ఏమీ లేదు. అయినా ఆ పుకారు వృథా కాలేదు. వార్త విన్న అమెరికా ఖగోళ శాస్త్రవేత్త లైమన్ స్పిట్జర్, కొండ మీద మంచు ఆటకు పోతూ, ఇది నిజంగా చేయాలంటే ఎట్లా అని ఆలోచించి స్టెల్లరేటర్ అనే యంత్రానికి రూపం ఇచ్చాడు.

1958 జనవరిలో ఇంగ్లండ్ జీటా యంత్రంలో ఫ్యూజన్ న్యూట్రాన్లు వచ్చాయని పత్రికలు మోగించాయి. కొన్ని నెలల్లోనే, ఆ న్యూట్రాన్లు వేడి వల్ల వచ్చినవి కావని అక్కడి శాస్త్రవేత్తలే తేల్చి, తప్పు ఒప్పుకున్నారు.

1968లో వంతు రష్యన్లది. తమ టీ-3 టోకామాక్‌లో ప్లాస్మా వేడి అంతకు ముందెన్నడూ లేనంత పెరిగిందన్నారు. ఎవరూ నమ్మలేదు. అప్పుడు రష్యన్లు ఒక మంచి పని చేశారు. జీటా దెబ్బ తిన్న ఇంగ్లిషు వాళ్లనే పిలిచారు, మీ కొలబద్ద తెచ్చి మీరే కొలవండని. 1969లో, ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగా, ఇంగ్లిషు బృందం లేజర్ పరికరాలు మోసుకుని మాస్కో వెళ్లింది. కొలిచింది. కోటి డిగ్రీల దరిదాపు. మాట నిజమే. ఆ తర్వాత ప్రపంచమంతా టోకామాక్ దారి పట్టింది.

పక్కవాడి తూకపురాయి మీద నిలబడ్డ మాటే మిగిలింది. మిగతావి గాలికి పోయాయి.

1989: ట్రాంబేలో, గాంధీనగర్‌లో

మన దేశానికి ఈ ఆశ ముందే తగిలింది. 1955 ఆగస్టులో జెనీవాలో జరిగిన అణుశక్తి మహాసభకు హోమీ భాభా అధ్యక్షుడు. ఇంకో ఇరవై ఏళ్లలో ఫ్యూజన్ శక్తిని అదుపులో పెట్టే దారి దొరుకుతుందని ఆ వేదిక మీద చెప్పాడు. అప్పటికి కొన్ని దేశాల్లో ఆ పని రహస్యంగా నడుస్తోంది. భాభా మాటతో రహస్యం వీధిన పడింది. ఇరవై ఏళ్లు మాత్రం ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

1989 మార్చి 23న అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో ఫ్లైష్‌మన్, పాన్స్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు పత్రికల వాళ్లను పిలిచారు. గాజు పాత్రలో భారజలం, అంటే డ్యుటీరియం నిండిన నీళ్లు, పోసి, పలేడియం కడ్డీ ముంచి, కరెంటు పారిస్తే లెక్కకు మించిన వేడి వచ్చిందన్నారు. పలేడియం ఒక వింత లోహం. తన పరిమాణానికి వందల రెట్లు హైడ్రోజన్‌ను మింగుతుంది. అంత ఇరుకులో డ్యుటీరియం కేంద్రకాలు కలిసి ఉంటాయని వాళ్ల ఊహ. పది కోట్ల డిగ్రీలు అక్కర్లేదు, బల్ల మీదే సూర్యుడు! దానికి శీతల సంలీనమని పేరు పడింది. వారాల్లో ప్రపంచమంతా పలేడియం కోసం ఎగబడింది.

బాంబేలో ట్రాంబే అణు పరిశోధన కేంద్రానికి (బార్క్) అప్పుడు డైరెక్టర్ పి.కె. అయ్యంగార్. భారజలానికి అక్కడ లోటు లేదు. పది పన్నెండు బృందాలు, యాభై మంది దాకా శాస్త్రవేత్తలు పనిలో దిగారు. ఏప్రిల్‌లోనే న్యూట్రాన్లు, ట్రిటియం (ఇంకా బరువైన హైడ్రోజన్) కనబడ్డాయని చెప్పారు. అయ్యంగార్, ఎం. శ్రీనివాసన్ సంపాదకత్వంలో ఆ ఏడాది డిసెంబరులో 'బార్క్-1500' నివేదిక వచ్చింది. చిక్కు ఎక్కడంటే, మామూలు డ్యుటీరియం సంలీనంలో న్యూట్రాన్లు, ట్రిటియం ఇంచుమించు సమానంగా రావాలి. వాళ్లకు న్యూట్రాన్లు ట్రిటియంలో కోటి వంతు మాత్రమే కనబడ్డాయి. తెలిసిన శాస్త్రానికి అది ఒదగలేదు. ఇతర దేశాల్లో ఎందరో చేసి చూశారు, ఫలితం నిలకడగా రాలేదు. 1990ల్లో ట్రాంబే పని ఆగింది. 2019లో గూగుల్ డబ్బుతో సుమారు ముప్పై మంది పరిశోధకులు ఏళ్ల తరబడి మళ్లీ వెతికి, శీతల సంలీనానికి ఆధారం దొరకలేదని 'నేచర్' పత్రికలో రాశారు.

అయినా ఆశ చావలేదు. 2011లో ఈ పంథా వాళ్ల అంతర్జాతీయ సదస్సు చెన్నైలో జరిగింది. హైదరాబాద్‌లో హైలెనర్ అనే స్టార్టప్ 2024లో తన చిన్న యంత్రం పెట్టిన కరెంటు కన్నా ఎక్కువ వేడి ఇస్తోందని ప్రకటించింది. శాస్త్రలోకం ఈ దారిని ఇంకా ఒప్పుకోలేదు. ఒప్పుకోవాలంటే 1969లో మాస్కోలో జరిగినట్టు జరగాలి. నమ్మనివాడు తన కొలబద్దతో వచ్చి కొలవాలి.

అదే 1989లో, చడీచప్పుడు లేకుండా, గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థలో 'ఆదిత్య' వెలిగింది. మన దేశంలోనే రూపకల్పన చేసి కట్టిన తొలి టోకామాక్. గారె నడిమి నుంచి ప్లాస్మా నడిబొడ్డుకు దూరం ముప్పావు మీటరు. దానితో కరెంటు వస్తుందని ఎవరూ దండోరా వేయలేదు. ప్లాస్మా ఎట్లా నిలుస్తుంది, ఎందుకు చెదురుతుంది అని రాసుకుంటూ పోయారు. ఆ రాతల బలంతోనే మనదేశం 2005లో ఐటర్ అనే అంతర్జాతీయ ఫ్యూజన్ కూటమిలో చేరింది. ఫ్రాన్స్‌లో కడుతున్న ఆ పెద్ద టోకామాక్‌ను కప్పి ఉంచే 3,850 టన్నుల ఉక్కు పాత్ర, క్రయోస్టాట్, గుజరాత్‌లోని హజీరాలో తయారై ముక్కలుగా ఓడెక్కింది.

నది దిగువకు

వంతెన కింద పారిన గోదావరి మంథని దాటి, కాళేశ్వరంలో ప్రాణహితను కలుపుకుని, ఏటూరునాగారం మీదుగా మణుగూరు చేరుతుంది. అక్కడ 1991 నుంచి భారజల కర్మాగారం నడుస్తోంది. ఏడాదికి 185 టన్నుల సామర్థ్యం. అక్కడ జరిగేది నదిని జల్లెడ పట్టడమే. నీళ్లనూ, కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విష వాయువునూ ఎత్తైన బురుజుల్లో ఎదురెదురుగా పారిస్తారు. చల్లటి బురుజులో, ముప్పై డిగ్రీల దగ్గర, డ్యుటీరియం వాయువును వదిలి నీళ్లలోకి వస్తుంది. నూట ముప్పై డిగ్రీల వేడి బురుజులో నీళ్లను వదిలి వాయువులోకి పోతుంది. ఈ రాకపోకలను మళ్లీ మళ్లీ తిప్పితే నీళ్లు మెల్లగా చిక్కబడతాయి. ఆరు టన్నుల నీళ్లలో దాగి ఉండే భారజలం ఒక కిలో. చేతికి వచ్చేది అందులోనూ కొంతే.

ఆ వేడి ఎక్కడిది? బొగ్గుది. కర్మాగారానికి ఆవిరి, కరెంటు ఇచ్చే సొంత విద్యుత్ కేంద్రం సింగరేణి బొగ్గుతో నడుస్తుంది. ఆ భారజలం వెళ్లేది కేంద్రకాలను చీల్చే విచ్ఛిత్తితో నడిచే అణు విద్యుత్ కేంద్రాలకు, ఫ్యూజన్‌కు కాదు. అయినా రేపటి ఫ్యూజన్ కట్టె పుల్ల అదే. బొగ్గుకు బదులు వస్తుందనుకున్నదాన్ని ఇవాళ బొగ్గు కాల్చి ఏరుకుంటున్నాం. తప్పేమీ కాదు. కొత్త పొయ్యి అంటుకోవాలంటే పాత పొయ్యి నుంచే నిప్పు తేవాలి.

మరి పద్దు ఎందాకా వచ్చింది? 2022 డిసెంబరు 5న అమెరికాలోని లివర్‌మోర్‌లో లేజర్లతో 2.05 మెగాజౌళ్లు పెడితే 3.15 మెగాజౌళ్లు వచ్చాయి. తొలిసారి రాబడి పెట్టుబడిని దాటింది. కానీ ఆ లేజర్లను వెలిగించడానికి గోడలోంచి లాగిన కరెంటు సుమారు 300 మెగాజౌళ్లు. ఇంగ్లండ్‌లోని జెట్ టోకామాక్ 2023లో, మూతపడే ముందు, మిల్లీగ్రాములో ఐదో వంతు ఇంధనంతో 69 మెగాజౌళ్లు ఇచ్చింది. దాన్ని వేడి చేయడానికి అంతకన్నా ఎక్కువే పోయింది. అమెరికాలో కొన్ని కంపెనీలు కొత్తరకం బలమైన అయస్కాంతాలతో గిన్నెను చిన్నది చేయాలని చూస్తున్నాయి. గ్లాసు చాయ్ చల్లారకుండా చుట్టూ గట్టి గుడ్డ చుట్టినట్టు.

ఆ పొద్దున ఈ సంగతులు నాకు చేతనైనంత క్లుప్తంగా చెప్పాను. పిల్లల ముఖాలు కాస్త వాడిపోయాయి. "అంటే పనికిరాదంటరా సార్?" అన్నాడు ఫోను పట్టుకున్నవాడు.

నేను జవాబు వెతుక్కునేలోపు పెద్దాయనే అందుకున్నాడు.

"బాయి దించుతుంటే మొదలు బొగ్గొస్తదా బిడ్డా? రాయే వస్తది. ఒక్కొక్కపారి ఏండ్లకేండ్లు రాయే. ఎన్ని అడుగులకు ఏ రాయి తగిలిందో ఉన్నదున్నట్టు రాసిపెడ్తరు. రాసిన కాయితం సక్కగుంటేనే బొగ్గు ఎక్కడున్నదో దొరుకుతది. రాయిని తెచ్చి బొగ్గని చెప్పినోనితోని బాయంత ఆగమైతది."

చాయ్ డబ్బులు ఇచ్చి లేచాడు. పిల్లల్లో ఒకడు నోటుపుస్తకం తీశాడు. డబ్బాలోకి ఎన్ని వాట్లు, బయటికి ఎన్ని వాట్లు అని రెండు గడులు గీస్తున్నాడు.

(వచ్చే వారం: ముట్టుకుంటే ఏ లోహమైనా ఆవిరయ్యే ప్లాస్మా వేడిని, ముట్టుకోకుండా ఎట్లా కొలుస్తారు? మాస్కోకు వెళ్లిన ఆ లేజర్ కథ.)